పులికి ఎన్ని మేకలు? వింత పావులకు విలువ కట్టే పద్ధతులు

(శ్రీకాకుళంలో చదరంగం శిక్షకులు, పోటీల నిర్వాహకులు, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

కాసేపు చదరంగం బల్లని పక్కన పెడదాం. గుడి అరుగు మీదో, రచ్చబండ మీదో గీతలు గీసి ఆడే పులి–మేక ఆట ఇక్కడ చాలామందికి తెలుసు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒక చిన్న గుంటడిని పిలిచి "ఒరే, పులికి ఎన్ని మేకలు సమానం?" అని అడిగితే టక్కున "అయిదు" అంటాడు. పదిహేనుని మూడుతో భాగించాడు, తప్పేం లేదు. ఆట సమంగా నడుస్తోంది కాబట్టి మూడు పులులూ పదిహేను మేకలూ సరితూగుతున్నాయి. కానీ ఒక పులిని తీసేసి, అయిదు మేకల్ని తీసేసి ఆడి చూడండి. రెండు పులులు, పది మేకలు. గీతలు అవే, చుక్కలు అవే. పులికి తిరగడానికి ఇప్పుడు బోలెడంత ఖాళీ. దాన్ని కట్టెయ్యడానికి మేకలు చాలవు. అయిదు అన్న లెక్క అక్కడ చెల్లదు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఉదాహరణలోనే ఉంది. పావు విలువ అనేది పావు మీద రాసి ఉండే ధర కాదు. అది మారకం రేటు. ఈ బల్ల మీద, ఈ పావుల మధ్య, దీన్ని ఇచ్చి దేన్ని తీసుకుంటే నష్టం లేదు అన్నదే విలువ. బల్ల మారినా, పక్కనున్న పావులు మారినా, ఎదుటి సైన్యం మారినా రేటు మారుతుంది. ఆ రేటుని కాగితం మీద అంచనా కట్టడం ఎలా, తర్వాత ఆడించి కొలవడం ఎలా, కొలిచేటప్పుడు ఎక్కడెక్కడ బోల్తా పడతామో చూద్దాం.

పేర్లు ముందే ఖాయం చేసుకుందాం. పిల్లలు క్వీన్, రూక్, బిషప్ అంటారు, పెద్దవాళ్ళు మంత్రి, ఏనుగు, శకటు అంటారు. నేను పాత పేర్లే వాడతాను. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, శకటు అంటే బిషప్. గుర్రం, బంటు, రాజు సరే సరి. అందరూ నేర్చుకునే లెక్క బంటుకి 1, గుర్రానికి 3, శకటుకి 3, ఏనుగుకి 5, మంత్రికి 9. అమెరికన్ చదరంగం ఆటగాడు లారీ కౌఫ్‌మన్ 1999లో పెద్ద ఎత్తున ఆటల రికార్డులు తిరగేసి గుర్రం, శకటు రెంటికీ 3.25, ఏనుగుకి 5, మంత్రికి 9.75, రెండు శకట్లూ చేతిలో ఉంటే అదనంగా అర బంటు అని తేల్చాడు. మామూలు చదరంగానికి ఇంతకంటే గొడవ లేదు. గొడవంతా కొత్త పావు తెచ్చినప్పుడే. గుర్రంలా గెంతుతూ శకటులా జారే పావుకి ఎంత? ఐమూలగా ఒక్క గడి మాత్రమే నడిచేదానికి ఎంత? దీనికి ముందు ఆడిన ఆటల రికార్డులు లేవు. సున్నా నుంచి మొదలెట్టాలి.

మొదటి మెట్టు, గడులు లెక్కపెట్టడం. గుర్రంతో చేద్దాం, ఎందుకంటే దాన్ని ఇప్పుడే ఈ బోర్డు మీద వేలు పెట్టి లెక్కపెట్టొచ్చు. నాలుగు మూలల్లో ఎక్కడ పెట్టినా గుర్రానికి 2 గడులే అందుతాయి. మూలకి పక్కనే అంచు మీదున్న గడులు 8, వాటి నుంచి 3. నాలుగు అందేవి 20 గడులు, ఆరు అందేవి 16 గడులు, నడిమధ్య 16 గడుల్లో ఎనిమిదికి ఎనిమిదీ అందుతాయి. 8, 24, 80, 96, 128. కూడితే 336. దాన్ని 64తో భాగిస్తే సగటున 5.25. అదే పద్ధతిలో ఖాళీ బల్ల మీద శకటుకి 8.75, ఏనుగుకి 14, మంత్రికి 22.75 వస్తాయి. రాజులా నడిచే పావుకి 6.56.

ఈ సంఖ్యల్ని నేరుగా విలువ అనుకుంటే తేడా కొడుతుంది. గుర్రం 3 అయితే ఏనుగు 8 అవుతుంది, మంత్రి 13 అవుతుంది. ఎవరూ ఒప్పుకోరు. ఖాళీ బల్ల మీద ఆట జరగదు కదా!

1876లోనే హెచ్.ఎం. టేలర్ అనే ఇంగ్లీషు గణితవేత్త దీనికి ఒక చమత్కారమైన సవరణ చేశాడు. ఎన్ని గడులు కొడుతుంది అని కాకుండా, రాజుకి ఎంత తరచుగా భద్రంగా చెక్ పెడుతుంది అని అడిగాడు. భద్రంగా అంటే రాజు తిరిగి ఆ పావుని కొట్టలేనట్టు, అంటే పక్క గడిలో ఉండకూడదు. పావుని, రాజుని బల్ల మీద పెట్టే మార్గాలు 64ని 63తో గుణిస్తే 4032. అందులో గుర్రం భద్రంగా చెక్ పెట్టేవి 336, అది ఎప్పుడూ పక్కన ఉండదు కాబట్టి అన్నీ భద్రమే. శకటుకి 560లో పక్కనుండే 196 తీసేస్తే 364. ఏనుగుకి 896లో 224 తీసేస్తే 672. మంత్రికి 1456లో 420 పోగా 1036. అన్నిటినీ 28తో భాగించండి. 12, 13, 24, 37. గుర్రానికి 3 ఇస్తే శకటుకి 3.25, ఏనుగుకి 6, మంత్రికి 9.25. కంప్యూటరు ఊసే లేని కాలంలో, ఒక్క ఆట కూడా ఆడకుండా వచ్చిన అంకెలివి. ఏనుగు ఒక్కటే కాస్త ఎక్కువ పలికింది. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం కూడా ఉందనే నా అభిప్రాయం. ఒక్క గడే కదిలే పావుకి ఇదే సూత్రం పెడితే భద్రమైన చెక్కులు సున్నా. అలాగని దాని విలువ సున్నా కాదు కదా.

అమెరికన్ ఆటగాడు రాల్ఫ్ బెట్జా వేరే దారి పట్టాడు. రెండు వైపులా వేరు వేరు సైన్యాలతో ఆడే చదరంగాన్ని తయారు చేసినవాడు ఆయనే. సమానమైన సైన్యాలు కావాలి, అందుకని ఈ లెక్క ఆయనకి తప్పనిసరి అయింది. బల్ల మీద ఏ గడి అయినా ఖాళీగా ఉండే అవకాశం 0.7 దరిదాపు అనుకున్నాడు. ఏనుగు పక్క గడిని ఎప్పుడూ అందుకుంటుంది. రెండో గడిని అందుకోవాలంటే మధ్యలో ఒక గడి ఖాళీగా ఉండాలి, 0.7. మూడోదానికి రెండు ఖాళీగా ఉండాలి, 0.49. అలా తగ్గుతూ పోతుంది.

చేసి చూపిస్తాను. బల్ల మొత్తం మీద ఏనుగుకి ఒక గడి దూరంలో అందేవి 224, రెండు గడుల దూరంలో 192, తర్వాత వరసగా 160, 128, 96, 64, 32. వాటిని 1, 0.7, 0.49, 0.343, 0.24, 0.168, 0.118తో గుణించి కూడితే 518 వస్తుంది. 64తో భాగిస్తే 8.1. శకటుకి 196, 144, 100, 64, 36, 16, 4. అదే గుణకారం చేస్తే 5.93. గుర్రం గెంతుతుంది కాబట్టి 5.25 అలాగే ఉంటుంది. గుర్రం 3 అయితే శకటు 3.4, ఏనుగు 4.6, మంత్రి 8. దారిలో పడ్డాం.

ఆ 0.7 ఎక్కడిది అని మీరు అడగాలి. ఆట మొదట్లో 64 గడుల్లో 32 నిండి ఉంటాయి, అంటే 0.5. ఇరవై పావులు మిగిలినప్పుడు 0.69. అంటే మధ్య ఆట చివరి దశ అన్నమాట. 0.5 పెట్టి లెక్కేస్తే శకటు 4.75కి, ఏనుగు 6కి పడిపోతాయి. అప్పుడు గుర్రమే శకటుని మించుతుంది. బల్ల ఖాళీ అయ్యేకొద్దీ జారే పావులు బలుస్తాయి, గెంతే పావులు ఉన్నచోటే ఉంటాయి. మనం ఏనుగుని చివరిదాకా దాచుకోమని పిల్లలకి చెప్పే మాటకి లెక్క ఇదే.

బల్ల సైజు మార్చినా ఇంతే. 10×10 బల్ల మీద గుర్రానికి సగటు 5.76, పెద్దగా పెరగలేదు. ఖాళీ బల్ల లెక్కలో శకటు 8.75 నుంచి 11.4కి, ఏనుగు 14 నుంచి 18కి పోయాయి. పెద్ద బల్ల తయారు చేసి పాత అంకెలే వాడేవాళ్ళు మొట్టమొదట గుర్రం దగ్గర మోసపోతారు.

ఈ లెక్కకి దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. ఐమూలగా ఒక గడి నడిచే పావుని ఫెర్జ్ అంటారు. నిలువుగా, అడ్డంగా ఒక గడి నడిచేది వజీర్. ఫెర్జ్‌కి సగటు 3.06, వజీర్‌కి 3.5. పైగా ఫెర్జ్ పుట్టిన రంగు గడులు దాటి బయటికి రాలేదు. లెక్క ప్రకారం వజీరే గొప్పది కావాలి. ఆడిస్తే ఫెర్జ్ సుమారు ఒకటిన్నర బంటు, వజీర్ దానికంటే కొంచెం తక్కువ పలుకుతున్నాయి. ఎందుకు? ముందుకి చూడండి. ఫెర్జ్‌కి నాలుగు అడుగుల్లో రెండు ముందుకి, వజీర్‌కి ఒక్కటే. శత్రువూ, బంట్లూ, రాజూ అన్నీ ముందువైపే ఉంటాయి. ముందుకి పోయే ఎత్తు వెనక్కో పక్కకో పోయే ఎత్తుకి దాదాపు రెట్టింపు అని లెక్కలో పెట్టుకుంటే మోసం ఉండదు. అలాగే కొట్టడానికి మాత్రమే పనికొచ్చే ఎత్తు, కొట్టకుండా నడవడానికి మాత్రమే పనికొచ్చే ఎత్తు, రెంటిలో కొట్టేదే విలువైనది.

పాత చతురంగంలో, పర్షియన్ షత్రంజ్‌లో ఉండే అల్ఫిల్ ఐమూలగా సరిగ్గా రెండో గడికి గెంతుతుంది. సగటు 2.25, పర్వాలేదనిపిస్తుంది. కానీ దాన్ని జీవితాంతం తిప్పినా 64లో 8 గడులే తొక్కగలదు. మిగతా 56 గడుల్లో దేని మీద ఏం జరిగినా దానికి సంబంధం లేదు. నిలువుగా, అడ్డంగా రెండో గడికి గెంతే దబ్బాబాకి 16 గడులు. ఇలాంటి పావుని సగటు చూసి కొనకండి. ఎన్ని గడులు మొత్తంగా చేరగలదో కూడా రాసుకోండి. శకటుకి 32 గడులే కాబట్టే జంట ఉంటే అర బంటు అదనం వచ్చింది. అల్ఫిల్ లాంటి వాటిలో రెండూ ఒకే ఎనిమిది గడుల్లో పడ్డాయా, వేరు వేరు గడుల్లోనా అన్నదాన్ని బట్టి కూడా రేటు మారుతుంది.

చైనా చదరంగం షియాంగ్‌చీలో గుర్రానికి కాలు కట్టేస్తారు. పక్క గడిలో ఏదైనా ఉంటే అటు గెంతలేదు. బెట్జా లెక్కలో 5.25ని 0.7తో గుణిస్తే 3.7కి పడిపోయింది. అదే ఆటలో ఫిరంగి ఏనుగులా నడుస్తుంది, కానీ కొట్టాలంటే మధ్యలో సరిగ్గా ఒక పావు ఉండాలి, దాని మీంచి దూకాలి. అక్కడి రివాజు లెక్కలో రథానికి (మన ఏనుగులా నడిచేది) 9, ఫిరంగికి 4.5, గుర్రానికి 4. బల్ల నిండుగా ఉన్నప్పుడు ఫిరంగికి తొక్కడానికి మెట్లు బోలెడు. ఆట ముగింపుకి వచ్చేసరికి మెట్లు పోతాయి, అదే సమయంలో గుర్రం కాళ్ళ కట్లు ఊడతాయి. అందుకని అక్కడివాళ్ళు ముగింపులో ఫిరంగి కంటే గుర్రాన్ని ఇష్టపడతారు. ఒకే పావుకి మొదట్లో ఒక రేటు, చివర్లో ఇంకో రేటు. సగటు తీసి ఒక్క అంకె చెబితే రెండు చోట్లా తప్పే.

ఇక రెండు పావులు కలిపి ఒకటి చేస్తే? ఇక్కడ మన పలాస జీడిపప్పుని తలచుకుందాం. గుండు, బద్ద, ముక్క. రెండు బద్దలు తూకంలో ఒక గుండుకి సమానమే. ధర మాత్రం ఒకటి కాదు, గుండు రేటు గుండుదే. పావుల్లోనూ అంతే. శకటు, ఏనుగు కలిస్తే మంత్రి. 3.25కి 5 కలిపితే 8.25, మంత్రి మాత్రం 9.75. ఒకటిన్నర బంటు ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే గడిలో ఉండి రెండు పనులు చేస్తోంది, ఒక ఎత్తు ఖర్చుతో రెండు బెదిరింపులు పెడుతోంది, శకటుకున్న రంగు జబ్బు పోయింది.

ఏనుగు, గుర్రం కలిపితే ఛాన్సలర్. శకటు, గుర్రం కలిపితే ఆర్చ్‌బిషప్. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా 10×8 బల్ల మీద తన చదరంగంలో ఈ రెంటినీ వాడాడు. చాలాకాలం అందరూ ఆర్చ్‌బిషప్‌కి 3, 3.25 కలిపి కొసరు వేసి ఆరున్నరో ఏడో ఇచ్చేవారు. నెదర్లాండ్స్ దేశానికి చెందిన హెచ్.జి. ముల్లర్ తన ప్రోగ్రాముల చేత వేల ఆటలు ఆడించి చూశాడు. 10×8 బల్ల మీద మంత్రికి 9.5, ఛాన్సలర్‌కి 9, ఆర్చ్‌బిషప్‌కి 8.75 వచ్చాయి. ఛాన్సలర్‌కీ దానికీ తేడా పావు బంటే! ఏనుగుకీ శకటుకీ మధ్య బంటు పైన ఉన్న తేడా గుర్రం వచ్చి కలవగానే ఎటు పోయింది?

బోర్డు చూడండి. ఎదుటి రాజుని ఎ1 మూలలో పెట్టాను (అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డ వరసకి). ఆర్చ్‌బిషప్‌ని సి3లో పెడుతున్నాను. బల్ల మీద ఇంకేమీ లేదు. శకటు నడకలో సి3 నుంచి బి2, దాని వెనక ఎ1, అంటే చెక్. గుర్రం నడకలో ఎ2, బి1. రాజుకి ఉన్న మూడు గడులూ పోయాయి. ఆటకట్టు! సొంత రాజు సాయం కూడా అక్కర్లేదు. ఛాన్సలర్ ఏ గడిలోనైనా నిలబడి ఒంటరిగా మూలలో ఇలా కట్టగలదేమో ఇంటికెళ్ళి వెతకండి, సరదాగా ఉంటుంది. ఇంకోటి. ఆర్చ్‌బిషప్ ఇ4లో ఉంటే రెండు వరసల ముందు సి6, డి6 రెంటినీ కొడుతుంది, అటు ఎఫ్6, జి6 రెంటినీ కొడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు బంట్లని ఒక్క దెబ్బలో పట్టుకుంటుంది. శకటుకి ఆ పని రాదు, గుర్రానికీ రాదు. గుర్రం ప్రతి ఎత్తుకీ రంగు మారుస్తుంది, శకటు ఎప్పుడూ మార్చదు. ఇద్దరి లోపమూ రెండో వాడి వల్ల తీరింది. ఇది గడులు లెక్కపెడితే దొరికేది కాదు.

ఒకటి రెండు గడుల్లోపే గెంతే పావులకి ముల్లర్ ఒక సూత్రం ఇచ్చాడు. పావు నడిమధ్య ఉన్నప్పుడు ఎన్ని గడులు అందుకుంటుందో లెక్కపెట్టండి. దాన్ని 0.625తో గుణించి 30 కలపండి. వచ్చినదాన్ని మళ్ళీ గడుల సంఖ్యతోనూ 1.1తోనూ గుణించండి. జవాబు బంటులో నూరోవంతుల్లో వస్తుంది. ఎనిమిది గడుల గుర్రానికి 30కి 5 కలిపితే 35, ఎనిమిది పెట్టి 280, దానికి పదో వంతు కలిపితే 308. మూడు బంట్లు, సరిపోయింది. గడులు రెట్టింపై 16 అయితే 704. రెట్టింపు కంటే ఎక్కువ. గుండుకీ బద్దకీ ఉన్న తేడా ఆ 0.625లో దాగుంది.

మనమే ఒక పావు చేద్దాం. గుర్రం, ఫెర్జ్ కలిపి. ఉద్దానం తోటల్లో తిరిగే ఎలుగు పేరు పెడదాం. అందే గడులు 12. 12ని 0.625తో గుణిస్తే 7.5, 30 కలిపితే 37.5, 12తో 450, పదో వంతు కలిపితే 495. అంటే ఏనుగు దరిదాపు. సగటు గడుల లెక్కలో 5.25కి 3.06 కలిపితే 8.31, గుర్రం 3 అన్న కొలత మీద 4.75. రెండు దారులూ ఒకే వీధిలో తేలాయి. ఇప్పుడు ధైర్యంగా కొలవడానికి దిగొచ్చు. రెండు దారులకీ బంటుకి మించి తేడా వస్తే మాత్రం ఆగాలి. ఆ పావులో ఏదో మెలిక ఉందని అర్థం.

కొలవడం అంటే ప్రోగ్రాము చేత దానితో అదే ఆడించడం. ముల్లర్ చేసిన ఫెయిరీ-మ్యాక్స్ ఉంది, ఫెయిరీ-స్టాక్‌ఫిష్ ఉంది. కొత్త పావు ఎలా కదులుతుందో సెట్టింగుల ఫైల్లో రాస్తే చాలు. ఒక వైపు ఏనుగు తీసి ఎలుగుని పెట్టండి, రెండో వైపు మామూలుగా ఉంచండి. ఏనుగు పోతే కోట కట్టే (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపే) హక్కు కూడా పోతుంది, కాబట్టి రెండు వైపులా కోట కట్టడం మానిపించండి. లేకపోతే మీరు కొలిచింది ఎలుగునో కోటనో తెలీదు. సగం ఆటలు ఎలుగు తెల్లవైపు, సగం నల్లవైపు. వెనక వరస పావుల్ని ప్రతి జత ఆటలకీ కలిపి మార్చండి. కలపకపోతే ప్రోగ్రాము ఒకే ఆటని నాలుగు వందల సార్లు ఆడి పెట్టగలదు. నాలుగు వందల ఫలితాలు వచ్చాయని మనం సంబరపడతాం, నిజానికి ఉన్నది ఒక్కటే.

సమానంగా ఉండేవాటినే ఎదురెదురు పెట్టండి. గుర్రం బదులు ఆర్చ్‌బిషప్‌ని పెట్టి 95 శాతం గెలిచిందంటే ఏం తెలిసింది? ఏమీ తెలీలేదు. 50 శాతం దగ్గరే శాతానికీ బంటుకీ సరళమైన సంబంధం ఉంటుంది, చివర్లకి పోతే అది చదునైపోతుంది.

ఆ శాతాన్ని బంట్లలోకి మార్చాలంటే గజంబద్ద కావాలి. అదే ప్రోగ్రాము, అదే సమయం, అదే బల్ల మీద ఒక బంటు తక్కువతో ఆడించండి. ఎప్పుడూ ఒకే బంటుని తీయకండి. రాజు ముందు బంటు తీస్తే రాజు బట్టబయలవుతాడు, ఏనుగు ముందుది తీస్తే ఏనుగుకి దారి తెరుచుకుని నష్టంలో కొంత తిరిగొస్తుంది. ఎనిమిదింటినీ మార్చి మార్చి తీసి సగటు పట్టండి. బంటు ఎక్కువున్న వైపు 65 శాతం తెచ్చుకుందనుకుందాం. అంటే బంటుకి 15 పాయింట్లు. ఎలుగు వైపు 53 వచ్చిందనుకుందాం. మూడు పాయింట్లు, బంటులో అయిదో వంతు ఎలుగుదే పైచేయి. నమ్మొచ్చా? డ్రాలు కూడా కలుపుకుని ఒక్కో ఆట ఫలితం సగటు నుంచి చెదిరేది సుమారు 0.42. ఆటల సంఖ్యకి వర్గమూలం తీసి భాగించండి. 100 ఆటలకి 4.2 పాయింట్లు, 400కి 2.1, 1600కి 1.05. నమ్మకంగా చెప్పాలంటే దానికి రెట్టింపు తేడా కనబడాలి. 400 ఆటల్లో 4.2 దాటాలి, మనకొచ్చింది 3. ఇంకా ఆడించాలి. 1600 ఆటలైతే 2.1 దాటితే చాలు, అప్పుడూ 3 నిలబడితే ఒప్పుకోవచ్చు. వంద ఆటలాడించి "మా పావు అర బంటు ఎక్కువ" అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. వాళ్ళు అబద్ధం చెప్పరు గానీ, వాళ్ళకీ తెలీదు.

ఆట రెండు నిమిషాల్లో ముగిస్తే 1600 ఆటలకి 53 గంటలు. నాలుగు కోర్లున్న కంప్యూటర్లో ఒకేసారి నాలుగు నడిపితే పదమూడు గంటల చిల్లర. రాత్రి పెట్టి పడుకుంటే మర్నాటి పొద్దెక్కేసరికి అయిపోతుంది. ప్రతి ఆటా ముగియగానే ఫైల్లో పడేలా చూసుకోండి, తెల్లవారుజామున కరెంటు పోతే మొత్తం ఊడ్చుకుపోకుండా.

ఇంకో ఉచ్చు ఉంది. ప్రోగ్రాముకి ముందే ఒక ధరల పట్టిక ఇచ్చి ఆడిస్తాం. ఆర్చ్‌బిషప్ 6.5 అని మీరు రాస్తే, అది ఏనుగు, రెండు బంట్లు దొరికితే చాలని సంతోషంగా ఇచ్చేస్తుంది. ఆట ఓడిపోయి "చూశారా, ఆర్చ్‌బిషప్ తక్కువే" అని మీ పాత అంచనానే మీకు తిరిగి అప్పజెబుతుంది. అందుకని కొలిచిన అంకెని పట్టికలో రాయండి, మళ్ళీ కొలవండి, అంకె కదలకుండా నిలిచేదాకా.

పావుల్ని పేర్చే వరసలోనూ మోసం ఉంటుంది. కాపబ్లాంకా 10×8 వరసలో ఐ గీత మీదున్న బంటుకి మొదట్లో ఎవరి కాపూ లేదు. తెల్ల ఆర్చ్‌బిషప్ సి1లో ఉంటుంది. డి బంటు జరిగిందంటే సి1, డి2, ఇ3, ఎఫ్4, జి5, హెచ్6 మీదుగా నేరుగా ఐ7 బంటు మీద గురి. మొదటి ఎత్తుకే బెదిరింపు! తెల్లకి దొరికిన ఈ లాభాన్ని పావు విలువలో కలిపేసుకుంటే లెక్క చెడినట్టే. కొత్త వరస పేర్చగానే ప్రతి బంటు కిందా వేలు పెట్టి, దీన్ని ఎవరు కాస్తున్నారు అని అడగండి.

పులి–మేకల దగ్గరికి మళ్ళీ వద్దాం. ముల్లర్ చేసిన పరీక్షల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. రెండు వైపులా రాజు, బంట్లు మామూలే. ఒక వైపు మూడు మంత్రులు, రెండో వైపు ఏడు గుర్రాలు. పుస్తకం లెక్కలో 27కి 21. ఆరు బంట్ల తేడా, మంత్రులు నమిలెయ్యాలి. ఓడిపోయేది మంత్రులే. గుర్రం కాపలా ఉన్న ఏ గడిలోనూ మంత్రి కాలు పెట్టలేదు, పెడితే తొమ్మిది ఇచ్చి మూడు తీసుకోవాలి. ఏడు గుర్రాలు బల్లంతా కాపు కాస్తే మంత్రికి నిలబడే చోటు ఉండదు. మేక పులిని కొట్టలేదు, కానీ పులి తిరిగే చుక్కల్ని ఆక్రమించేస్తుంది. మంత్రికి 9 అనేది ఎదురుగా ఇంకో మంత్రి ఉన్నప్పుడు, దానితో మార్పిడి చేసుకోగలిగినప్పుడు వచ్చిన ధర. ఖరీదైన పావులన్నీ ఒకే వైపు పోగేస్తే ఒక్కోదాని ధరా పడిపోతుంది. మీరు సైన్యాల్ని సమం చేసేటప్పుడు మొత్తం కూడి చూసి వదిలెయ్యకండి, ఖరీదైనవి రెండు వైపులా దాదాపు ఒకే సంఖ్యలో ఉన్నాయా అని కూడా చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, ఇంజిన్‌లో పొజిషన్ పెడితే ప్లస్ ఎంతో అదే చూపిస్తుంది కదా. ఆడించడం ఎందుకు?)

అది చూపించే అంకెలో సగం దానికి మనమిచ్చిన ధరల పట్టికే ఉంటుంది బాబూ. కిరాణా కొట్లో బిల్లు చూసి సరుకు నాణ్యం చెప్పినట్టు. గెలుపోటములు పట్టిక మాట వినవు, అవే సాక్ష్యం.

(ఒక శిక్షకుడు: కంప్యూటర్ లేకుండా, పిల్లలతోనే చేయాలంటే?)

చేయొచ్చండి, అర బంటు సూక్ష్మం రాదు గానీ. సమానమైన బలం ఉన్న జతల్ని కూర్చోబెట్టండి. ఒక్కో జత రెండు ఆటలు ఆడాలి, ఎలుగు చేతులు మారాలి. పదిహేను నిమిషాల ఆట చాలు. పది జతలు, ఇరవై ఆటలు. చెదురు 0.42ని 20 వర్గమూలంతో భాగిస్తే తొమ్మిది పాయింట్లు దాటుతుంది. అంటే బంటున్నర తేడా ఉంటే పట్టుబడుతుంది, అంతకంటే చిన్నది పట్టుబడదు. కానీ ఆట బోరు కొడుతోందా, ఎలుగు ఎప్పుడూ మూలనే పడుంటోందా అన్నది అంకెల కంటే ముందు పిల్లల మొహాల్లో తెలిసిపోతుంది. ఎవరు గెలిచారో కాకుండా, ఎలుగుని దేనితో మార్చుకున్నారో ప్రతి ఆటకీ రాయించండి. ఏనుగుతో మార్పిడి జరిగాక గెలిచింది ఎవరు? ఆ ఒక్క గడి నింపితే మీకు సగం పని అయినట్టే.

(అదే శిక్షకుడు: ఎలుగు బొమ్మ ఎక్కడ దొరుకుతుంది?)

బొమ్మ అక్కర్లేదు. ఏనుగుని తలకిందులు చేసి వాడదామని చాలామందికి తడుతుంది, అది మాత్రం అలవాటు చెయ్యకండి. అసలు పోటీలో బంటు చివరి వరసకి చేరాక మంత్రి అనుకుని తలకిందుల ఏనుగుని పెడితే దాన్ని ఏనుగు గానే లెక్కిస్తారు. గుంటలు అక్కడ నష్టపోతారు. గుర్రం మెడకి ఎర్ర రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి బిగించండి. మూడు చుట్లు వేస్తే తెగుతుంది, ఒక్క చుట్టు వేస్తే ఆట మధ్యలో జారి బంటు మీద పడుతుంది.